నీళ్ళ మీద చెప్పిన పేరు

పెద్దింటమ్మను నేను చూసింది మూడుసార్లే. అప్పటికి ఆమె చూపు మందగించింది, నడుము వంగిపోయింది. ఆమె గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం మా నాన్నగారు చెప్పగా విన్నదే. నాన్నగారి పేరు ఎలీయాజరు. ఏలూరులో ఒక ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారుగా చేసేవారు. ఇదంతా జరిగింది నేను పుట్టకముందు, యాభై ఏడు, యాభై ఎనిమిది సంవత్సరాల్లో.

శ్రీపర్రు దాటి కొల్లేటి ఒడ్డుకి వెళితే ఒక రేవు ఉండేది. అక్కణ్ణించి నీళ్ళ మీద గంటసేపు వెళ్ళాక ముప్ఫై పాకలున్న చిన్న లంక. పెద్దింటమ్మ అక్కడే పుట్టింది, అదే లంకలో పది గుమ్మాల అవతలి ఇంటికి కోడలిగా వెళ్ళింది. కొల్లేటికోట అమ్మవారి పేరు పెట్టుకున్న ఆడపిల్లలు ఆ లంకల్లో ఇంటికొకరు ఉంటారు. పెళ్ళినాటికి పన్నెండేళ్ళు. భర్త వలలు వేసే మనిషి, నెమ్మదస్తుడు. ఒక కూతురు పుట్టి నాలుగో ఏట జ్వరంతో పోయింది. ఆ పై రెండేళ్ళకి కార్తీకంలో గాలివాన పట్టుకుంటే, వల తీసుకొస్తానని వెళ్ళిన భర్త తిరిగి రాలేదు. మూడోనాడు జమ్ములో దొరికాడు. అప్పటికి ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు.

భర్త వాడిన తాటిదోనె ఒకటి మిగిలింది. ఇంకోటి సంపాదించి, రెండూ పక్కపక్కన కట్టి సంగడి చేసుకుంది. దాని మీద జనాన్ని రేవు దాటించి బతికింది. గెడ వేయడం మగవాళ్ళ పని అని మొదట్లో కొందరు గొణిగారు. తర్వాత అలవాటుపడ్డారు. ఎంతగా అలవాటుపడ్డారంటే, ఆమె అక్కడ నిలబడి ఉందన్న సంగతే మరిచిపోయేంత. ఎక్కినవాళ్ళు పంటల గురించీ, కోర్టు వ్యవహారాల గురించీ మాట్లాడుకునేవారు. ఆమెతో ఎవరికీ మాటుండేది కాదు. "జరగండి", "కదలకండి", "దిగండి" – ఈ మూడు మాటలతో ఆమెకి కొన్ని రోజులు గడిచిపోయేవి. మరిది వీరాస్వామి రెండు పాకల అవతలే ఉండేవాడు. పండగనాడు ఒక గిన్నెలో ఏదో పంపేవాడు. గిన్నె ఖాళీ చేసి ఇచ్చేస్తే ఆ పండగ అయిపోయినట్టే. పొద్దున్నే అరసోల బియ్యం వండుకుని, అదే రెండుపూటలా తినేది. ఇలా పదకొండేళ్ళు గడిచాయి.

నాన్నగారికి పాత పుస్తకాల పిచ్చి. తాడేపల్లిగూడెం సంతలో ఒకసారి పొట్లాల కాగితాల కట్టలో మార్మన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ళ చిన్న పుస్తకం దొరికింది. అది చదివి, సందేహాలు రాసి, అమెరికాలో యూటా అనే రాష్ట్రానికి ఉత్తరం వేశారు. జవాబు రాదనే అనుకున్నారు. వచ్చింది. ఏడాదిపాటు ఉత్తరాలు నడిచాక, యాభై ఏడు నవంబరులో హాంకాంగు నుంచి ఇద్దరు అమెరికా కుర్రవాళ్ళు మత ప్రచారానికి ఏలూరు స్టేషన్లో దిగారు. ఆరునెలల వీసా. ఇక్కడ వాళ్ళకి గుడి లేదు, మనుషుల్లేరు. మా ఇంటి దగ్గర ఒక గది అద్దెకి తీసుకుని, రెండు సైకిళ్ళు కొనుక్కుని, నాన్నగారి దగ్గర తెలుగు నేర్చుకునేవారు. లంకలో మాకు తెలిసిన యేసమ్మగారి కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళని చూపిద్దామని ఒక లక్ష్మివారం నాన్నగారు వీళ్ళిద్దరినీ రేవుకి తీసుకెళ్ళారు.

"ఈళ్ళ పేర్లేంటండి మాస్టారూ?" అని అడిగింది పెద్దింటమ్మ.

"ఆ పొడుగాయన ఎల్డర్ లార్సెన్. ఈయన ఎల్డర్ బార్లో."

"అన్నదమ్ములాండి? ఇంటిపేరు ఒకటే ఉంది."

"ఇంటిపేరు కాదమ్మా. ఎల్డర్ అంటే పెద్దాయన అని. వాళ్ళ సంఘంలో అలా పిలుచుకుంటారు."

ఆమె ఇద్దరి మొహాలూ చూసింది. ఇరవై ఏళ్ళు. మీసం కూడా సరిగా లేదు. బార్లో ముక్కు మీద ఎండకి తోలు లేచిపోయి ఉంది. "ఈళ్ళాండి పెద్దోళ్ళు!" అని ఫక్కున నవ్వింది. నాలుగేళ్ళుగా ఆ రేవు దాటుతున్న నాన్నగారు ఆమె నవ్వు వినడం అదే మొదటిసారట.

బార్లో కాస్త ముందుకి వచ్చి, అంతకుముందు వారం నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు, "అమ్మగారూ, మీరు కుశలమా?" అన్నాడు. పెద్దింటమ్మ వెనక్కి తిరిగి చూసింది. తన వెనకాల ఏ అమ్మగారు నిలబడి ఉందో అనుకుంది. నీళ్ళు తప్ప ఎవరూ లేరు.

అప్పటినుంచి వాళ్ళు ప్రతి లక్ష్మివారం వచ్చేవారు. నాన్నగారికి స్కూలుంటే ఇద్దరే వచ్చేవారు. లార్సెన్ పద్ధతి మనిషి, గడియారం చూసుకుని నడుచుకునేవాడు. సంగడి ఎక్కినప్పుడల్లా బరువంతా ఒక పక్కకే వేసేవాడు. "నడిమికి రా నాయనా, ముంచేత్తావు!" అని ఆమె కేకలు వేసేది. బార్లోకి నోరు ఊరుకునేది కాదు. కనిపించిన ప్రతిదాన్నీ వేలుపెట్టి చూపించి పేరు అడిగేవాడు. గెడ, జమ్ము, గూడబాతు, నాచు. ఆమె చెప్పేది. అతను తిప్పి చెప్పేవాడు. తప్పు చెబితే ఆమె మళ్ళీ చెప్పేది. రోజుకి మూడు మాటలు మాట్లాడే మనిషికి ఒక పూటలో వంద మాటలు మాట్లాడవలసి వచ్చి, సాయంత్రానికి గొంతు బొంగురుపోయేదట.

డిసెంబరులో ఒకరోజు నీళ్ళ మధ్య ఉండగా వాన పట్టుకుంది. నాన్నగారు ఆరోజు లేరు. లంక చేరేసరికి ముగ్గురూ తడిసి ముద్దయ్యారు. పెద్దింటమ్మ వాళ్ళిద్దరినీ తన పాకలో కూర్చోబెట్టి, వానలోనే యేసమ్మ ఇంటికి పరుగెత్తింది. యేసమ్మ కొడుకు జూట్ మిల్లులో పనిచేసేవాడు, అప్పుడప్పుడు టీపొడి తెచ్చేవాడు. ఆ పొడి గుప్పెడు అడిగి తెచ్చి, బెల్లం వేసి, కట్టెలు తడిసి పొగ కమ్ముతుంటే ఊది ఊది టీ కాచింది. రెండు గ్లాసులు తోమి ఇద్దరి ముందూ పెట్టింది.

లార్సెన్ తల అడ్డంగా ఊపాడు. బార్లో మొహం ఎర్రబడింది. "క్షమించండి. మేము తాగము" అన్నాడు.

అతనికి వచ్చిన తెలుగు అంతే. ఆమెకి అర్థమైంది వేరు. మీ ఇంట్లో తాగము అన్నాడనుకుంది. గ్లాసులు రెండూ తీసి, చూరు కింద వాననీళ్ళలో పారబోసింది. వాన తెరిపిచ్చాక రేవులో దింపింది. ఆ పై వారం వాళ్ళు వచ్చి పలకరిస్తే, అందరితో అన్నట్టే "జరగండి" అంది.

బార్లో ఆరోజు సాయంత్రం మా ఇంటికి వచ్చి, తెలుగూ ఇంగ్లీషూ కలగలిపి నాన్నగారికి గోడు చెప్పుకున్నాడు. మూడోవారం నాన్నగారు స్కూలుకి సెలవు పెట్టి వాళ్ళతో వెళ్ళారు.

"వాళ్ళ మతంలో టీ, కాఫీలు ముట్టకూడదమ్మా. మా ఇంట్లోనూ తాగరు. రాజుగారింట్లో ఇచ్చినా తాగరు."

"ఆ ముక్క ఆరోజే సెప్పొచ్చు కదండి" అంది ఆమె, గెడ మీంచి చూపు తిప్పకుండా.

"చెప్పడానికి తెలుగు చాల్లేదు."

బార్లో దోసిలి పట్టాడు. "అమ్మగారూ, టీ వద్దు. అన్నం కావాలి."

పెద్దింటమ్మ కాసేపు గెడ వేస్తూనే ఉంది. తర్వాత, "కొర్రమీను తింటారా అండి ఈళ్ళు?" అని నాన్నగారిని అడిగింది.

ఆరోజు వంట దగ్గర ఆమె పడ్డ అవస్థ నాన్నగారు కళ్ళకి కట్టినట్టు చెప్పేవారు. నలుగురికి ఎంత బియ్యం పొయ్యాలో ఆమె చెయ్యి మరిచిపోయింది. సోలతో కొలిచింది, తిరిగి పోసేసింది, మళ్ళీ కొలిచింది, ఇంకో గుప్పెడు వేసింది. చివరికి కుండ నిండి పొంగింది. వాళ్ళు తిన్నంత తిన్నాక కూడా కుండలో సగం అన్నం ఉంది. లార్సెన్‌కి ముల్లు గుచ్చుకుంటుందేమోనని చేప విడదీసి ఇచ్చింది. పులుసు కారానికి ఇద్దరి కళ్ళూ, ముక్కులూ కారిపోతుంటే గుమ్మం దగ్గర కూర్చుని చూస్తూ ఉంది.

ఆ తర్వాత లక్ష్మివారం భోజనం ఆమె ఇంట్లోనే. తిన్నాక పాక ముందు కూర్చుని మాట్లాడుకునేవారు.

"మా ఊరి దగ్గర కూడా పెద్ద కొల్లేరు ఉంది" అన్నాడు బార్లో ఒకసారి.

"ఏం చేపలు పడతాయి?"

"చేపలు లేవు. అంతా ఉప్పు."

"చేపల్లేని కొల్లేరుని ఏం చేసుకుంటారు బాబూ?"

"చూస్తాము" అన్నాడు.

లార్సెన్ మాత్రం వచ్చిన పని మరిచేవాడు కాదు. కూడబలుక్కుంటూ తమ మతం సంగతులు చెప్పేవాడు. ఆమె శ్రద్ధగా వినేది. అంతా విన్నాక, "మీ దేవుడు మంచోడే నాయనా. నాకు మా అమ్మోరు ఉంది" అనేది. ఇక ఈ ఇంట్లో కూర్చుని ఏం లాభమని లార్సెన్ ఒకటి రెండుసార్లు నాన్నగారి ముందే బార్లోతో వాదించాడు. అయినా బార్లో వస్తానంటే తనూ వచ్చేవాడు. రాక తప్పదు. ఇద్దరూ కలిసే తిరగాలి.

ఆ సంగతి పెద్దింటమ్మకి సంక్రాంతి దాటాక తెలిసింది. రేవుకి వచ్చేసరికి లార్సెన్‌కి కడుపులో నొప్పి మొదలైంది. చెట్టునీడన పడుకున్నాడు. బార్లో అతని పక్కనే కూర్చున్నాడు.

"ఆయన్ని పడుకోనీ. నువ్వు రా బాబూ, వంట చేసి ఉంచాను" అంది ఆమె.

"రాకూడదండి. ఇద్దరం ఉండాలి. నియమం."

"ఒక్కళ్ళే ఉండకూడదని రూలా?"

"అవునండి."

"ఎవరు పెట్టారో గాని..." అని ఆగిపోయింది. ఖాళీ సంగడి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఫిబ్రవరిలో బార్లోకి ఇంటినుంచి ఉత్తరం వచ్చింది. తండ్రి పోయాడు. ఉత్తరం చేరేసరికే సమాధి చేసి మూడు వారాలైంది. వెళ్ళి చేసేదేమీ లేదు, ఉండమన్నారు. ఆ లక్ష్మివారం అతను రాడనుకున్నారు నాన్నగారు. వచ్చాడు. నీళ్ళ మధ్యకి వెళ్ళేదాకా బాగానే ఉన్నాడు. ఉన్నట్టుండి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. లార్సెన్ అతని వీపు మీద చెయ్యి వేశాడు. పెద్దింటమ్మ గెడని బురదలోకి దిగేసి సంగడి ఆపేసింది. ఎందుకని అడగలేదు. ఊరుకో అనలేదు. అతను తనంతట తాను తల ఎత్తేదాకా అలాగే నిలబడి, తర్వాత గెడ పీకి ముందుకి నడిపింది.

పాక దగ్గర అతను చెప్పాడు. "మా నాన్నగారు చనిపోయారు. నేను అక్కడ లేను."

"నేను ఇక్కడే ఉన్నాను బాబూ, మా ఇంటాయన పోయినప్పుడు. ఇదిగో, ఈ గుమ్మంలోనే కూసున్నాను. అయినా లేనట్టేగా" అంది ఆమె.

బార్లో సంచిలోంచి ఒక నోటుబుక్కు తీశాడు. అందులో తండ్రి, తాత, ముత్తాత, ఇలా ఏడు తరాల పేర్లు రాసుకున్నాడు. పోయినవాళ్ళ పేర్లు రాసిపెట్టుకోవడం తమలో ముఖ్యమని చెప్పి, "మీ ఇంటాయన పేరు ఏమిటండీ?" అని అడిగాడు.

"నేను సెప్పకూడదు."

"ఎందుకు?"

"పెళ్ళాం మొగుడి పేరు సెబుతుందా ఎక్కడైనా? ఓటర్ల పేర్లు రాసుకోటానికి ఒచ్చినోళ్ళక్కూడా యేసమ్మే సెప్పింది."

"అయితే ఇప్పుడు ఎవరు చెప్తారండీ?"

అతను తెలియక అడిగాడు. యేసమ్మ చెప్పింది ఆ ఒక్కసారే. అత్తగారు పోయింది. వీరాస్వామి "మా అన్న" అంటాడు. మిగిలినవాళ్ళు "జమ్ములో దొరికినోడు" అంటారు. ఆ పేరు పెట్టి ఎవరైనా పిలవగా విని ఎన్నేళ్ళయిందో ఆమె లెక్క చూసుకుంది.

పై వారం నాన్నగారు కూడా వెళ్ళారు. పొద్దుటి ఎండ నీళ్ళ మీద పరుచుకుని ఉంది. దూరంగా గూడబాతులు. ఇంకో పడవ కనుచూపు మేరలో లేదు. పెద్దింటమ్మ గెడ వేయడం ఆపింది.

"మాస్టారూ, ఆ అబ్బాయిని రాసుకోమనండి."

"ఏం రాసుకోమంటావమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"వెంకట్రాజు" అంది.

"పిల్ల పేరు మంగతాయారు. నాలుగేళ్ళు" అని కూడా చెప్పింది. బార్లో ఇంగ్లీషులో రాసుకున్నాడు. కింద తెలుగులో రాయమని పుస్తకం నాన్నగారికి ఇచ్చాడు. నాన్నగారు రాశారు. ఆమెకి చదువు రాదు. వంగి ఆ అక్షరాలు చూసింది.

"ఓసారి సదవండి."

నాన్నగారు చదివారు.

"ఇంకోసారి."

మళ్ళీ చదివారు. ఆమె గెడ అందుకుంది.

నాన్నగారికి మనసు ఊరుకోలేదు. ఆ పేర్లు వాళ్ళెందుకు రాసుకుంటారో ఆయనకి తెలుసు, ఆమెకి తెలియదు. దాచడం తప్పనిపించి, పాక దగ్గర దిగాక బార్లోనే చెప్పమన్నారు. బార్లో దాచలేదు. పోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు తమ గుడిలో నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటారని, దాన్ని ఒప్పుకోవడం, మానడం పోయినవాళ్ళ ఇష్టమని చెప్పాడు. రాని మాటలు నాన్నగారు అందించారు.

"నీళ్ళలో పోయినోడు బాబూ" అంది పెద్దింటమ్మ. "మళ్ళీ నీళ్ళలో ముంచుతారా?"

లార్సెన్ ఏదో చెప్పబోతే బార్లో అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. నోటుబుక్కు తెరిచి ఆ కాగితం చింపబోయాడు.

"సింపకు!" అని ఆమె గట్టిగా అరిచింది. "రాసింది ఉండనీ. ముంచొద్దు. అంతే."

"ముంచనండి" అన్నాడు బార్లో.

ఏప్రిల్ చివరికి కొల్లేరు బాగా తీసింది. సంగడిని కొంతదూరం బురదలో లాగితే గాని నీళ్ళు అందేవి కావు. వీసా పొడిగించడం కుదరదని మద్రాసు నుంచి కబురు వచ్చింది ఒక బుధవారంనాడు. శనివారం పొద్దున్న మెయిలుకి వెళ్ళిపోవాలి. లక్ష్మివారం అంతా ఏలూరులో కాగితాల పనితో, ఆఫీసుల చుట్టూ తిరగడంతో సరిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ సైకిళ్ళ మీద రేవుకి వెళ్ళారు. పెద్దింటమ్మ అక్కడ లేదు. ముందురోజు వాళ్ళకోసం పొద్దుగుంకేదాకా చూసి, శుక్రవారం ఒక పెళ్ళివారిని దింపడానికి కైకలూరు వైపు వెళ్ళింది. ఇద్దరూ ఎండలో మూడుగంటలు కూర్చున్నారు. లార్సెన్ ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదని బార్లో తర్వాత నాన్నగారితో చెప్పాడు. పొద్దు వాలిపోతుంటే లేచి వచ్చేశారు.

"నీ దొరలొచ్చి కూసుని కూసుని ఎల్లిపోయారు. ఊరికి పోతన్నారంట" అని సాయంత్రం రేవులో ఎవరో ఆమెతో అన్నారు.

మర్నాడు కోడి కూయగానే బయల్దేరి, రేవు దాటి, ఏలూరు దాకా నడిచి వచ్చింది. చేతిలో గిన్నె, అందులో వేపిన చేపలు, పైన గుడ్డ కట్టి ఉంది. ఊళ్ళో దారి తెలియదు. స్టేషన్ ఎటని అడుక్కుంటూ వెళ్ళేసరికి మెయిలు వెళ్ళి అరగంటైంది. ప్లాట్‌ఫారం మీద ఒక కూలీని అడిగింది, తెల్లవాళ్ళు ఇద్దరు ఎక్కారా అని. ఎక్కారన్నాడు. అక్కణ్ణించి మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. మా అమ్మ మజ్జిగ ఇస్తే తాగింది. ఇచ్చిన మాట గుర్తుంటుందని చెప్పమన్నాడని నాన్నగారు బార్లో కబురు అందించారు. "ఆయ్" అంది. గిన్నె మా అమ్మకిచ్చి, "తినండమ్మా, పాడైపోతాయి" అని లేచింది. ఎండ తగ్గాక వెళ్ళమన్నా వినలేదు.

తర్వాతి లక్ష్మివారం ఆమె అలవాటు కొద్దీ సోలెడు బియ్యం పొయ్యి మీద పెట్టిందని, ఉడుకుతుండగా చూసుకుని, ఆ అన్నం రెండురోజులు తిన్నదని యేసమ్మగారు చెప్పారు.

ఆ ఏడాది చివర్లో బార్లో నుంచి నాన్నగారికి ఉత్తరం వచ్చింది. చివర నాలుగు వరుసలు వంకరటింకర తెలుగులో పెద్దింటమ్మకి రాశాడు. తను పొలం చూసుకుంటున్నానని, అమ్మ బాగుందని, అక్కడ మంచు పడుతోందని. నాన్నగారు లంకకి వెళ్ళి చదివి వినిపించారు. జవాబు రాద్దామని కాగితం తీశారు.

"ఏం రాయమంటావమ్మా?"

"నీళ్ళు బాగా ఒచ్చాయని రాయండి."

"రాశాను."

"గూడబాతులొచ్చాయి. ఈ ఏడు కాస్త ముందొచ్చాయి. పాక తాటాకు మార్పించాను."

"ఇంకా?"

ఆమె నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. నాన్నగారు కలం పట్టుకుని ఎదురుచూశారు.

"సాలండి. ఎక్కువైతే సదవటానికి ఇబ్బంది పడతాడు" అంది.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. చేరిందో లేదో తెలియదు. నాన్నగారు ఇంకొకటి రాసి చూశారు. అదీ అంతే. ఆయన కూడా క్రమంగా ఆ సంఘం మాట వదిలి, ఎప్పటిలా తన పాత గుడికే వెళ్ళేవారు. పెద్దింటమ్మ మాత్రం ఉత్తరం వచ్చిందా అని ఒక్కసారి కూడా అడగలేదట.

మరో పన్నెండేళ్ళు సంగడి నడిపింది. చూపు తగ్గాక మానేసింది. యేసమ్మగారి కొడుకు వట్లూరులో ఇల్లు కట్టుకుంటే, ఆ పెరట్లో ఒక పాక వేసి ఇచ్చారు. నేను ఆమెను చూసింది అక్కడే. మూడోసారి వెళ్ళినప్పుడు నాకు పదహారేళ్ళు. ఆ అమెరికా వాళ్ళ గురించి చెప్పమని అడిగాను.

"మంచి పిల్లలమ్మా" అంది. చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు చేత్తో తడిమి ఏరుతోంది. "ఆళ్ళు ఎల్లాక రెండేళ్ళు సానా కష్టమైంది."

"అంతకు ముందు పదకొండేళ్ళు ఒక్కదానివే ఉన్నావుగా?"

"ఉన్నాను. అప్పుడు కష్టమని తెలవలేదు" అంది.

ఆమె చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, నాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.